ఒకే తరగతిలో అందఱు: సింగపూరు సహిత విద్యావాదముల సమీక్ష

వైకల్యముగల బాలుని సామాన్య పాఠశాలలోనే చేర్చుకొనవలెనా, లేక వానికై వేఱొక పాఠశాల నెలకొల్పవలెనా యను ప్రశ్న యేబది యేండ్లుగా విద్యావేత్తలకును, తల్లిదండ్రులకును, ప్రభుత్వములకును నడుమ నలుగుచున్నది. ఆ వాదపు హోరులో, చేర్చుకొన్న పిమ్మట వానికి పాఠ మేతీరున చెప్పవలెనను ప్రశ్న, ముందు రావలసినదే యయ్యును, వెనుకబడిపోయినది. బాలుడు కూర్చుండు చోటును గూర్చి వ్రాయబడిన పుటలలో నాలుగవ వంతైనను వాని యెదుటనున్న నల్లబల్లను గూర్చి వ్రాయబడియుండిన, ఈ వాదము నేటి కింత చిక్కువడియుండెడిది కాదు.

ఈ చిక్కును విప్పిచూచుటకు సింగపూరు నందలి లిటిల్ ఇండియా యనుకూలమైన తావు. బుకిట్ తిమా రోడ్డు నంటియున్న కె.కె. మహిళా శిశు చికిత్సాలయములోని శిశువికాస విభాగము, ఆ దేశమున నెందఱో పిల్లల యిబ్బందికి మొట్టమొదట నొక పేరు పెట్టు చోటు. బీటీ రోడ్డులో ఉమరు పులవర్ తమిళ భాషాకేంద్రము; సమీపముననే ఫారర్ పార్కు ప్రాథమిక పాఠశాల; ఇంకను ఉత్తరమునకు పోయిన టౌనర్ రోడ్డున, ప్రాథమిక విద్యాంత పరీక్షలో నుత్తీర్ణులు కాలేని పిల్లలకై 2007లో నారంభమైన నార్త్‌లైట్ పాఠశాల. ముస్తఫా యను పెద్ద అంగడిలో కందిపప్పును ఆవకాయయు కొనుటకు వచ్చు తెలుగు కుటుంబములలో కొన్నింటికైనను ఈ చోట్లలో నొకదానితో పని పడియే యుండును. పిల్లవాని యిబ్బంది యేదో తేల్చుట, వానిని బడిలో చేర్చుట, రెండవ భాష నేర్పించుట, పరీక్షకు కూర్చుండబెట్టుట అను నాలుగు ఘట్టములును మైలు రెండు మైళ్ల లోపల నిచట కానవచ్చును.

దాతల చేతినుండి శాసనమునకు

సింగపూరులో ప్రత్యేకవిద్య ప్రభుత్వము పెట్టిన మొక్క కాదు. కుష్ఠురోగము సోకిన బాలలకై 1947లో ట్రఫాల్గర్ ఆశ్రమమున నారంభించిన తరగతులు మొదలుకొని, 1951లో నేర్పడిన అంధుల సంఘము, షాంఘై నుండి వచ్చిన బధిరుడైన పెంగ్ త్సు యింగ్ 1954లో స్థాపించిన బధిర పాఠశాల, 1957 నాటి స్పాస్టిక్ బాలల సంఘము, బుద్ధిమాంద్యముగల వారికై 1962లో వెలసిన మైండ్స్ సంస్థ వఱకు నన్నియు దాతలును, మతసంస్థలును, తల్లిదండ్రులును కలిసి నడిపినవే. నేటికిని అచటి ప్రత్యేక పాఠశాలలను స్వచ్ఛంద సంస్థలే నిర్వహించును. విద్యామంత్రిత్వశాఖ ధనమిచ్చి, పాఠ్యక్రమమునకు దారి చూపును. ఈ చరిత్రకు మంచియు చెడ్డయు రెండును గలవు. ఒక్కొక్క వైకల్యము నెఱిగిన నిపుణు లొక్కొక్క చోట కుదురుకొనిరి. కాని యా నైపుణ్యము సామాన్య పాఠశాలల గోడలు దాటి లోపలికి చేరుటకు దశాబ్దములు పట్టినది.

1981లో వికలాంగుల అంతర్జాతీయ సంస్థ ప్రథమ ప్రపంచ మహాసభ సింగపూరులోనే జరిగినది. దాని మొదటి అధ్యక్షుడు రాన్ చంద్రన్ డడ్లీ, చూపు కోల్పోయిన సింగపూరువాసి. లోకమందలి వికలాంగులు తమ మాట తామే చెప్పుకొందుమని చాటిన యా సభ జరిగిన నగరమున, వికలాంగుల చదువుమాత్ర మప్పటికి దయాధర్మముగనే యుండెను. టోనీ టాన్ అధ్యక్షతన నేర్పడిన సలహాసంఘము 1988లో, సాధ్యమైనంతవఱకు ప్రత్యేకవిద్య సామాన్య వ్యవస్థలోనే జరుగవలెననియు, అచట చక్కగా చదువుకొనజాలని బాలుని మాత్రమే ప్రత్యేక పాఠశాలకు పంపవలెననియు సూచించినది. అయినను 2000లో చేయబడి 2003 జనవరినుండి అమలైన నిర్బంధవిద్యాశాసనము వైకల్యముగల బాలలకు మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపు దయతో నిచ్చినదే కావచ్చును; దాని యర్థము మాత్రము వారు బడికి రాకున్నను అడుగువారు లేరనియే. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2013లో ధ్రువపఱచిన తరువాత, 2019లో గాని యా లోపము దిద్దబడలేదు.

ఇతర దేశములలో నీ నడక తొందరగ సాగినది. అమెరికాలో 1975 నాటి శాసనము, వైకల్యముగల ప్రతి బాలునికిని వీలైనంత తక్కువ నిర్బంధముగల పరిసరములలో ఉచిత విద్య నందింపవలెనని విధించెను. బ్రిటనులో మేరీ వార్నాక్ సంఘము 1978లో పిల్లలను వైకల్యముల పేర్లతోగాక వారి విద్యావసరములనుబట్టి చూడవలెనని చెప్పెను. 1994లో సాలమాంకా నగరమున 92 ప్రభుత్వముల ప్రతినిధులు సహిత విద్యయే సామాన్య ధర్మము కావలెనని ప్రకటించిరి. భారతదేశమున 1974 నాటి ఏకీకృత విద్యాపథకము, 1995, 2016 సంవత్సరముల వికలాంగుల శాసనములు, 2009 విద్యాహక్కు శాసనము వరుసగా వచ్చినవి. సికిందరాబాదునందలి జాతీయ సంస్థ 1984 నుండి బుద్ధిమాంద్యముగల వారికి బోధించు ఉపాధ్యాయులను తీర్చిదిద్దుచున్నది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల భవిత కేంద్రములు మండలములవఱకు చేరినవి. శాసనమునుబట్టి చూచిన తెలుగునాడు సింగపూరుకంటె ముందున్నది. తరగతిగదిలోని యేర్పాట్లనుబట్టి చూచిన వెనుకనున్నది.

మూడు పక్షములు

మొదటి పక్షమువారిది హక్కుల వాదము. వేఱుచేయుటయే వివక్ష యనియు, తోడి పిల్లలతో కలిసి పెరుగుట బాలుని హక్కనియు, పాఠశాల బాలునికి తగునట్లు మారవలెనే కాని బాలుడు పాఠశాలకు తగునట్లు మారనక్కరలేదనియు వీరి మతము. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల సంఘము 2016లో వెలువఱచిన నాలుగవ సామాన్య వ్యాఖ్య ఈ పక్షమునకు పట్టుగొమ్మ.

రెండవ పక్షమువారు అమెరికాలో జేమ్స్ కాఫ్‌మన్, డగ్లస్ ఫుక్స్, లిన్ ఫుక్స్ మొదలగువారు. తీవ్రమైన యవసరములుగల బాలుని ముప్పదిమందిలో కూర్చుండబెట్టి, దానికి సమానత్వమని పేరు పెట్టుట వానికి నిశ్శబ్దముగ ద్రోహము చేయుటయే యని వీరి వాదము. విచిత్రమేమన, 1978 సంఘమునకు నాయకురాలైన వార్నాక్ తానే 2005లో, సహిత విద్యయను భావన శ్రుతి మించినదనియు పునరాలోచన యవసరమనియు వ్రాసెను. తాను నాటిన చెట్టు నీడను తానే ప్రశ్నించు ధైర్యము విద్యావేత్తలలో నరుదు.

మూడవ పక్షము స్థానమును గూర్చిన ప్రశ్నను పక్కకు నెట్టి, బోధనను గూర్చి యడిగినది. బ్రిటనుకు చెందిన ఆన్ లూయిస్, బ్రహం నార్విచ్ 2004లో ప్రకటించిన గ్రంథమున, వైకల్యమున కొక్కొక్క ప్రత్యేక బోధనాశాస్త్ర మున్నదా యని విచారించి, చాలవఱకు అదే బోధన మఱింత సాంద్రముగ, మఱింత స్పష్టముగ, మఱిన్ని యావృత్తులతో జరుగవలసియుండునని తేల్చిరి. బధిరునికి సంకేతభాష, అంధునికి బ్రెయిలీ వేఱు విద్యలు. చదువులో వెనుకబడిన బాలునికి గుణకారము నేర్పుట మాత్రము తక్కిన పిల్లలకు నేర్పు గుణకారమే, అడుగులు చిన్నవి. లానీ ఫ్లోరియన్ ఇంకొక మెట్టెక్కి, కొందఱికి మాత్రము వేఱుగా నిచ్చుటకు బదులు అందఱికి నందుబాటులో నున్న వానిని విస్తరింపవలె నన్నది.

మొదటి రెండు పక్షముల జగడమునకు లెక్కలు తీర్పు చెప్పలేదు. క్యాంప్‌బెల్ సంస్థవారు 2022లో వెలువఱచిన సమీక్ష, సామాన్య తరగతిలో నుంచుటవలన చదువునందు గాని మనస్స్వాస్థ్యమునందు గాని సగటున లాభమును నష్టమును కానరావని తేల్చినది. దీనిని రెండు పక్షములవారును తమకు ననుకూలముగనే చెప్పుకొనిరి. నాకు తోచుచున్న దేమన, కూర్చుండు చోటు మారినంతమాత్రమున చదువు మారదని యది చెప్పుచున్నది, మారునది బోధనవలన.

సింగపూరు ఏ పక్షమునకును పూర్తిగ లోబడక మధ్యమార్గము పట్టినది. ప్రత్యేకావసరములు గుర్తింపబడిన విద్యార్థులలో సుమారు 80 శాతము సామాన్య పాఠశాలలలోను, తక్కినవారు ప్రత్యేక పాఠశాలలలోను చదువుచున్నారు. ఆటిజముగల బాలలకై 2004లో నారంభమైన పాత్‌లైట్ పాఠశాల జాతీయ పాఠ్యక్రమమునే బోధించుచు, సామాన్య పాఠశాలల ప్రాంగణములలో తన తరగతులు కొన్ని నడుపుట ఈ మధ్యమార్గమునకు మంచి తార్కాణము. విరామ సమయమున కలియుదురు, పాఠము వేఱు. హక్కుల పక్షమువారు దీనిని సగము ప్రయాణ మందురు. ఆ పిల్లల తల్లులలో ననేకులకు అదియే యూపిరి పీల్చుకొను చోటు.

ఒక లెక్కయు అయిదుగురు పిల్లలును

సిద్ధాంతమును తరగతిగదిలోనికి దింపి చూతము. సింగపూరు గణితబోధన ప్రపంచప్రఖ్యాతము. 1980 దశకమున ఖో టెక్ హాంగ్ నాయకత్వమున అచటి పాఠ్యక్రమసంస్థ రూపొందించిన పట్టీబొమ్మల పద్ధతి దానికి వెన్నెముక. మొదట చేతితో ముట్టుకొను వస్తువు, తరువాత బొమ్మ, ఆ పిమ్మట అంకె యను ఈ క్రమము జెరోమ్ బ్రూనర్ ఆలోచనలనుండి పుట్టినది. రాజువద్దనున్న గోళీలు లక్ష్మివద్దనున్న వానికి మూడురెట్లు, ఇరువురివద్దను కలిపి 48, రాజువద్ద నెన్ని యను లెక్కకు, లక్ష్మికి ఒక పట్టీ, రాజుకు మూడు పట్టీలు గీయుదురు. నాలుగు పట్టీలు 48 అయిన ఒకటి 12, మూడు 36. బీజగణిత మెఱుగని తొమ్మిదేండ్ల బాలుడు సమీకరణమును సాధించును. ఈ పద్ధతి వైకల్యముగల వారికై పుట్టినది కాదు. అయినను లెక్కలలో నిబ్బంది పడు పిల్లలకు, వస్తువునుండి బొమ్మకు, బొమ్మనుండి అంకెకు నడిపించు బోధన మేలు చేయునని పరిశోధనలు మాటిమాటికి చెప్పుచున్నవి. సింగపూరు తానెఱుగకయే సహిత విద్యకు చేసిన గొప్ప ఉపకార మిది.

కాని యదే లెక్క యొకే తరగతిలో అయిదుగురికి అయిదు విధముల నడ్డుపడును. డిస్లెక్సియా గల బాలునికి పట్టీ సులభమే. అతని యడ్డంకి లెక్క వ్రాయబడిన ఇంగ్లీషు వాక్యము. దానిని పైకి చదివి వినిపించిన, బొమ్మ అతడే గీయును. చూపులేని బాలికకు వాక్యము బ్రెయిలీలో నందినను పట్టీ యందదు; సమానమైన చెక్కముక్కలు నాలుగు చేతికిచ్చిన నందును. బధిర బాలుడు ఉపాధ్యాయుని పెదవులు చూచుచుండగా, ఆయన బల్లవైపు తిరిగి గీయుచు, గీయుచునే మాటలాడును. పాఠములో ముఖ్యమైన వాక్యము అతనికి వీపుతో చెప్పినట్లగును. ముందు గీసి, పిదప తిరిగి మాటలాడుటకు ఖర్చేమియు లేదు. ఏకాగ్రత నిలువని పిల్లవాడు రెండవ పట్టీవద్దనే దారి తప్పును. చదువుము, గీయుము, లెక్కింపుము, సరిచూడుము అను నాలుగు మెట్లు వ్రాసిన చీటి బల్లమీద నుండవలెను. ఆటిజముగల బాలిక, గోళీలు నిజముగ నెవరివని యడిగి అచటనే ఆగవచ్చును. ఆమెకు లెక్కయందలి కథకును లోకమందలి సత్యమునకును గల భేదమునే మొదట బోధింపవలెను.

ఈ అయిదు సవరణలలో నాలుగు, తక్కిన ముప్పదిమందికి కూడ మేలు చేయునవియే. సార్వజనిక రూపకల్పన యను సిద్ధాంతమునకు మూలమిదియే. 1984లో నేర్పడిన అమెరికా సంస్థ కాస్ట్ దీనిని ప్రచారము చేసినది: పాఠమును పలురీతుల చూపుట, బాలుడు తన జ్ఞానమును పలురీతుల తెలుపనిచ్చుట, ఆసక్తిని పలురీతుల రేపుట. భావన యుదాత్తమైనది. దానికి గల లోపము, ఇందేది పని చేసినదో యేది చేయలేదో కొలుచుట దుష్కరమగునంత విశాలముగ నుండుట. పైగా ఉపాధ్యాయులు కొందఱు దీనిని కంటితో నేర్చువారు, చెవితో నేర్చువారు అను పాత విభాగముతో కలిపివేయుదురు. ఆ విభాగమునకు తగిన సాక్ష్యము లేదని హెరాల్డ్ పాష్లరును సహచరులును 2008లోనే చూపిరి.

దీని కెదురుగ నిలుచునది సూటిబోధన: ఉపాధ్యాయుడు చేసి చూపుట, తోడుగ చేయించుట, ఒంటరిగ చేయనిచ్చుట. మన వీధిబడులలో గుణింతము వల్లె వేయించిన పంతుళ్లకు దీనిలోని సగము తెలియును. తెలియనిది, ఏ పిల్లవా డెచట జారెనో క్షణక్షణము కనిపెట్టుచు మెట్టును చిన్నది చేయుట. సాక్ష్యబలము దీనికే యెక్కువ. తోడివారిచే చదివించు పద్ధతికిని, ముఖ్యముగ ఫుక్స్ దంపతులు తీర్చిదిద్దిన జంటచదువునకు, చెప్పుకొనదగిన ఫలితములు గలవు. అది చవుకైనది కూడ. సూటిబోధనను సార్వజనిక రూపకల్పనను పరస్పర విరుద్ధములుగ నిలుపుట రచయితలకు ప్రీతికరము గాని, ఒకటి పాఠము చెప్పు తీరు, రెండవది పాఠమునకు తలుపులు పెట్టు తీరు. బ్రిటనులో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషను 2020లో నిచ్చిన మార్గదర్శకము సూటిబోధనను, ఆలోచనావ్యూహములను, ఆధారములు కల్పించి క్రమముగ తీసివేయుటను, మార్చుకొనదగిన చిన్నగుంపులను, సాంకేతిక సాధనములను ఒకే వరుసలో చెప్పినది. ఈ వివాదమున నింతకంటె సమంజసమైన సంగ్రహము నాకు కనబడలేదు.

సింగపూరు పాఠశాలలు చిన్నగుంపుల పద్ధతిని ముందే గ్రహించినవి. ఇంగ్లీషు చదువలేని ఒకటవ, రెండవ తరగతుల పిల్లలను రోజునకు కొంతసేపు వేఱుగ తీసి బోధించు కార్యక్రమము చాలకాలముగ నున్నది. మూడవ, నాలుగవ తరగతుల డిస్లెక్సియా విద్యార్థులకై 2012లో ప్రయోగముగ నారంభమైన బోధన 2016 నాటికి ప్రాథమిక పాఠశాల లన్నింటికిని వ్యాపించినది. సహిత విద్యావాదులలో నతివాదులు దీనినికూడ వేఱుచేయుట యందురు. తరగతిలోనే యుండి చదువరాక తలవంచుకొను బాలుడు, అరగంట బయటికి పోయి చదువ నేర్చి వచ్చిన, వానిని వేఱుచేసినదెవరో వారే చెప్పవలెను.

పక్కన కూర్చుండు సహాయకుడు

సామాన్య పాఠశాలలలో ప్రత్యేకావసరముల అధికారులను సింగపూరు 2005 ప్రాంతమున ప్రవేశపెట్టినది. వారికి తోడుగ ప్రాథమిక పాఠశాలలలో పదింట నొక ఉపాధ్యాయునికి జాతీయ విద్యాసంస్థలో శిక్షణ. అది 108 గంటలది. తక్కిన తొమ్మిదిమందిమాట యేమనునది అప్పటినుండియు విమర్శకుల ప్రశ్న. బాలుడు రోజంతయు శిక్షణపొందిన యొక్కని తరగతిలోనే కూర్చుండడు గదా.

తరగతిలో బాలుని పక్కన కూర్చుండు సహాయకుని విషయమున లండనులో పీటర్ బ్లాచ్‌ఫర్డ్, రాబ్ వెబ్‌స్టర్ మొదలగువారు 2003 నుండి జరిపిన పెద్ద పరిశీలన యొక చేదునిజమును బయటపెట్టినది: సహాయకుని తోడు ఎక్కువగ పొందిన బాలలు, అట్టి స్థితిలోనే యుండి తోడు తక్కువగ పొందిన బాలలకంటె చదువులో తక్కువ ప్రగతి చూపిరి. సహాయకుల దోషము కాదది. ఉపాధ్యాయుడు బాలుని సహాయకునికి వదలివేయును. సహాయకుడు పని పూర్తికావలెనను తొందరలో జవాబు తానే చెప్పివేయును. బాలుడు తరగతిలో నున్నట్లే కనబడుచు ఉపాధ్యాయునికి దూరమగును. చదువులో నిబ్బంది పడు బాలునికి నేర్పరియైన ఉపాధ్యాయుడును, తక్కినవారికి సహాయకుడును అన్న తలక్రిందుల యేర్పాటే మేలని ఆ పరిశీలకుల సూచనల సారము. దానిని మనస్ఫూర్తిగ అమలుజరిపిన పాఠశాలలు ఏ దేశమునను కొద్దియే.

బధిరుల విషయమున సింగపూరు భిన్నమైన దారి తొక్కినది. ప్రత్యేక బధిర పాఠశాల 2017లో మూతపడిన పిమ్మట, 2018 నుండి మేఫ్లవర్ ప్రాథమిక పాఠశాల సంకేతభాషతో చదువు బాలలకు నిర్ణీత సామాన్య పాఠశాల యైనది. సెకండరీలో నా బాధ్యత, లిటిల్ ఇండియాలోని రోడ్డుతో పేరు పంచుకొను బీటీ సెకండరీది, అది టోపాయోలో నున్నది. కొలదిమంది బధిరబాలలను దీవియంతట చెదరగొట్టక ఒక్కచోట చేర్చుట హక్కుల పక్షమునకు రుచింపకపోవచ్చును. భాష పదిమంది నోట, ఇచట పదిమంది చేత, నాడుచుండవలెననుట మాత్రము తోసిపుచ్చరానిది.

రెండవ భాష బరువు

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఇచట వచ్చును. సింగపూరు ద్విభాషా విధానమున ఇంగ్లీషుతోపాటు మాతృభాషయను పాఠ్యవిషయము గలదు. భారతీయులకు తమిళము, అదికాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ అంగీకృతములు. తెలుగు అందులో లేదు. సింగపూరు తెలుగు సమాజము 1975 నుండి యున్నను, తెలుగు వారాంతపు తరగతులకే పరిమితము. కావున ఇంట తెలుగు వినుచు పెరిగిన బాలుడు బడిలో ఇంగ్లీషును, దానితోపాటు తమిళమునో హిందీనో నేర్చును. వానికి డిస్లెక్సియా యున్నయెడల మూడు భాషలు, మూడు లిపులు.

నిపుణుని సిఫారసుపై రెండవ భాషనుండి మినహాయింపు పొందవచ్చును. ఒక పక్షము దానిని కరుణ యనును; మఱియొక పక్షము, బోధన మార్చుటకు బదులు పాఠ్యవిషయమునే తీసివేయుట సహిత విద్యకు విరుద్ధ మనును. ఇందు రెండు ప్రశ్నలు కలగలసినవి. రెండు భాషలు వినుట, మాటలాడుట వలన ఆటిజముగల బాలల భాష దెబ్బతినదని పరిశోధనలు సూచించుచున్నవి. కనుక ఇంట తెలుగు మానివేయుడను సలహాకు బలములేదు. అమ్మమ్మతో మాటలాడు భాషను వైద్యము పేర తీసివేయుట తొందరపాటు. చదువుట, వ్రాయుట మాత్రము వేఱు సంగతి. ఇంగ్లీషు డిస్లెక్సియాకు 1991లో నేర్పడిన సింగపూరు డిస్లెక్సియా సంఘము అనుసరించుచున్న ఆర్టన్-గిల్లింగ్‌హామ్ సంప్రదాయము అక్షరమునకు ధ్వనిని పొసగించుటమీద నిలిచినది. మన లిపులలో ధ్వని పొసగును, ఆకారములు విస్తరించును. తెలుగున క, గ అను వేఱు అక్షరములకు అలవడిన చెవి, తమిళమున రెంటికి నొకటే యక్షరము చూచి సందర్భమునుబట్టి ఊహింపవలెను. హిందీలో ఇకారపు గుర్తు హల్లునకు ముందే వ్రాయబడి తరువాత పలుకబడును. కన్నడ బాలలపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన, అక్షరమాల పూర్తిగ స్వాధీనమగుటకు ఇంగ్లీషులోకంటె ఎక్కువ సంవత్సరములు పట్టునని చూపినది. తెలుగునకును అంతే యనుటకు లిపిసామ్యము చాలును. భారతదేశమున 2015లో వెలువడిన డిస్లెక్సియా పరీక్షాసాధనము మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలకే సిద్ధమైనది. తెలుగు ఇంటి బాలుని ఇంగ్లీషులో పరీక్షించి, తమిళమునుండి మినహాయించు పద్ధతి యెంతవఱకు సబబో నిపుణులు వివరింపవలసియున్నది.

తేలనివి

పరీక్షలలో అధిక సమయము, పెద్ద అక్షరములు, బ్రెయిలీ ప్రతి మొదలగు సదుపాయములున్నవి. బోధన యెంత మార్చినను చివరకు అందఱును దాటవలసినది ఒకే పరీక్ష యగునపుడు, ఉపాధ్యాయుడు జనవరిలో సార్వజనిక రూపకల్పనను, సెప్టెంబరులో పాతప్రశ్నల సాధనను నడుపును. ఇందు తప్పు ఆయనది కాదు. తల్లిదండ్రులు ప్రైవేటు ట్యూషనుకు పరుగెత్తుటయు ఇందుకే.

నిర్బంధవిద్యాశాసనము సింగపూరు పౌరులైన బాలలకు మాత్రమే వర్తించును. ఉద్యోగపు పాసులపై వచ్చిన తెలుగు కుటుంబము లనేకములు ఆ గొడుగు వెలుపలనున్నవి. వారి పిల్లవానికి ఇబ్బంది యున్నదని తేలిన నాడు అంతర్జాతీయ పాఠశాల ఖర్చు భరించుటయో, హైదరాబాదుకో విజయవాడకో తిరిగి పోవుటయో నిర్ణయించుకొనవలసివచ్చును. సహిత విద్యను గూర్చిన పక్షములు మూడును పౌరుడు కాని బాలుని గూర్చి పెదవి విప్పుట యరుదు.

సెకండరీ పాఠశాలలలో ఎక్స్‌ప్రెస్, నార్మల్ అను ధారలు 2024లో చేరిన తరగతితో తొలగినవి. విద్యార్థి యొక్కొక్క పాఠ్యవిషయమును తన శక్తికి తగిన స్థాయిలో చదువవచ్చును. గణితమున చురుకై, భాషలో వెనుకబడు డిస్లెక్సియా బాలునికి ఇది చిరకాలపు కోరిక. ఆ తరగతివారికి 2027లో నూతన సెకండరీ విద్యాపత్రపు పరీక్ష నిర్ణయింపబడినది. ఒకే తరగతిలో మూడు స్థాయిలవారు కూర్చుండినపుడు ఉపాధ్యాయుడు పాఠమును మూడు తీరుల చెప్పగలడా, లేక పాత ధారలే ఒక్కొక్క పాఠ్యవిషయములోనికి దూరి తిరిగి తలయెత్తునా యనునది ఆ ఫలితములను వైకల్యములవారీగ విడదీసి ప్రకటించిననాడు గాని తెలియదు.